మీసాల ఫొటో

సుదర్శనం గురువు ముందు కూర్చున్నాడే గానీ ఒళ్లు మండిపోతూనే ఉంది.

సాయాగౌడ్ తాటిచెట్టు మీంచి పడి ఆరు రోజులైంది. వెన్నుపూస విరిగింది. ఇంకో వారంలోపు ఆపరేషన్ కాకపోతే కాళ్లు ఇక లేవవని డాక్టర్లు తేల్చేశారు. ఊళ్లో మీసేవ కేంద్రం నడుపుకునే సుదర్శనం, చందాల కోసం ఫోన్‌లో విన్నపం పెట్టాడు. దానికి దొరికిన ఫొటో ఒక్కటే. చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని, మీసం మెలేసి నిలబడ్డ సాయాగౌడ్. మూడు రోజులు గడిచినా పదిమంది కూడా ఇవ్వలేదు.

ఇట్లా కాదని ఆ పొద్దున ఆసుపత్రికి వెళ్లాడు. దుప్పటి తీసేసి, మూత్రం సంచీ కనబడేట్టు, భార్య పక్కన కూర్చుని ఏడుస్తున్నట్టు ఇంకో ఫొటో తీస్తానన్నాడు. సాయాగౌడ్ గోడవైపు చూస్తూ ఒక్క మాటే అన్నాడు.

"కాళ్లు పోతే పోనీ. మొఖం నాది."

భార్య కూడా మొగుడి పక్షమే. ఫోన్ జేబులో పెట్టుకొమ్మంది.

ఇదంతా చెప్పి, మీరైనా వాడికి బుద్ధి చెప్పండని సుదర్శనం గురువుని వేడుకున్నాడు. గురువు లింబాద్రయ్య తత్వం బోధించే మనిషే అయినా బతుకుదెరువు దర్జీపని. లాగు అంచు కుడుతూనే అంతా విన్నాడు.

"లోకం కన్నీళ్లకు ఇస్తది గానీ మీసాలకు ఇయ్యదయ్యా," అన్నాడు సుదర్శనం.

అందుకు తన దగ్గర రుజువు కూడా ఉంది. నిరుడు గుండెజబ్బు పిల్ల రవళి కోసం విన్నపం పెట్టింది తనే. పిల్ల వెక్కివెక్కి ఏడుస్తున్న ఫొటో పెడితే నాలుగు రోజుల్లో కావలసినంతా వచ్చింది.

"ఇచ్చినోళ్లను అడిగినవా, ఎందుకిచ్చిండ్రో?"

అడగటానికి ఏముందన్నాడు శిష్యుడు. వాళ్ల పేర్లూ నంబర్లూ ఇంకా ఫోన్‌లోనే ఉన్నాయి. లింబాద్రయ్య సూది పక్కన పెట్టి, కళ్లజోడు సవరించుకుని, ఆ పేర్లలో ఒకదాని మీద వేలు పెట్టాడు. ఫోన్ చెయ్యమన్నాడు.

ఎత్తింది గంగామణి అనే ఆమె. బోధన్ పక్కన ఒక బడిలో పిల్లలకు వంట చేస్తుందట. రవళి సంగతి గుర్తుచేసి, ఆ ఏడుపు ఫొటో చూసే కదమ్మా పంపించావు అని సుదర్శనం ధీమాగా అడిగాడు.

"ఆ ఫొటోనా? చూడలేకపోయిన సారూ. బొటనవేలు అడ్డం పెట్టుకొని కింద రాసింది చదివిన. లెక్కలల్ల క్లాసుకు ఫస్టని ఉండె. లెక్కలొచ్చే పిల్ల బతకాలె అనిపిచ్చింది, పంపిన." కాస్త ఆగి, "ఇప్పుడెట్లుంది పిల్ల? బడికి పోతున్నదా?" అనడిగింది.

ఆపరేషన్ అయ్యాక సుదర్శనం ఆ ఇంటి గడప తొక్కలేదు. కనుక్కుని చెప్తానని ఫోన్ పెట్టేశాడు.

గురువు మళ్లీ సూది అందుకున్నాడు. శిష్యుడికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఎవరో ఒకామె మాట పట్టుకొని కూసుందామా? ఈ మీసాలతోని పైసలు రాకపోతే మనిషి కాళ్లు పోతయయ్యా. అప్పుడు?"

లింబాద్రయ్య దారం పళ్లతో తెంపాడు.

"అప్పుడు నువ్వూ నేనూ జోలె పట్టి ఇల్లిల్లూ తిరుగుదాం. అడిగేటోళ్లం మనం. తల వంచాల్సింది మనం. వాడెందుకు వంచాలె?"

సుదర్శనం ఫోన్‌లో మీసాల ఫొటో తెరిచి, దాని కింద తను రాసిన విన్నపం చెరిపేశాడు. తర్వాత సాయాగౌడ్‌కు ఫోన్ కలిపాడు.

"గౌడన్నా, రోజుకు ఎన్ని చెట్లు ఎక్కుతుంటివి?"