కుట్టించుకున్నాను అన్న మాట

మా పెద్ద డాక్టరు శాంభవమ్మ గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే, ఆవిడ జవాబు చెప్పకుండా లేచి వెళ్ళి చేతులు కడుక్కునేవారు. గోదావరి ఒడ్డున ఉన్న మా స్త్రీల ఆసుపత్రిలో ఆ కుళాయి చప్పుడు వింటే చాలు, కొత్త డాక్టర్లు తామడిగిందేమిటో మళ్ళీ గుర్తుచేసుకునేవారు. నేనక్కడ మత్తు డాక్టర్ని. నా సూదికి ఆ జిల్లాలో సగం మంది నిద్రపోయారు. మిగతా సగం నా పేరు వింటేనే ఆవులించేవారు. సర్కసు ఏనుగుకు పంటి నొప్పి వస్తే చెవి వెనక ఒక్క పోటుతో పడుకోబెట్టినవాణ్ణి. అలాంటి నేను నోరెత్తకుండా నిలబడి చూసిన సంగతి ఇది.

ఆ రోజు ఓపీలో సౌదామిని కూర్చుంది. పీజీ చదువుతున్న పిల్ల, చురుకైనది, ముక్కుకు తెల్లరాయి పుడక. ఎదురుగా కూర్చున్నామె పేరు నాగలత. ముప్పై దాటి ఉంటాయి, మెయిన్ రోడ్డులో శుభలేఖలు అచ్చువేసే షాపు నడుపుతుంది. ఒళ్ళు కాలిపోతోంది, సరిగ్గా కూర్చోలేకపోతోంది.

“ఎప్పటినుంచమ్మా?”

“కింద కుట్టించుకున్నాక మొదలైందండి.”

“కాన్పు ఏ ఆసుపత్రిలో అయింది?”

“నాకు కాన్పు కాలేదండి.”

“కాన్పు లేకుండా కుట్లెందుకు పడ్డాయి?”

“కుట్లు కాదండి. చెవులు కుట్టించుకుంటాం చూడండి, అలాగ.”

సౌదామిని చేతిలో పెన్ను ఆగిపోయింది. తెర వెనక పరీక్ష చేసింది. అన్నిటికన్నా సున్నితమైన చోట, పైచర్మానికి చిన్న ఉక్కు రింగు. దాని చుట్టూ ఎర్రటి వాపు, చీము. డాక్టరు చూడవలసింది వాపుని. ఆ పిల్ల రింగుని చూసింది.

“ఎవరి కోసం చేయించుకున్నారండీ ఇది? ముందు తీసి పారేయండి. మందు సంగతి తర్వాత.”

నాగలత చీర సర్దుకుని మంచం దిగింది. “నేను జ్వరానికి వచ్చానండి” అని బయటికి నడిచి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కోసాగింది. అలాగే ఇంటికి పోతే ఆ చీము రక్తంలో కలుస్తుంది. ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

సౌదామిని శాంభవమ్మ గారి బల్ల దగ్గరకు వచ్చి జరిగింది చెప్పింది. “మేడమ్, ఇలాంటి వాళ్ళకు వైద్యం చేయాలా, బుద్ధి చెప్పాలా?”

కుళాయి చప్పుడైంది.

చేతులు తుడుచుకుని ఆవిడ గుమ్మం దాకా వెళ్ళారు. నాగలత పక్కన నిలబడి ఏదో అన్నారు. అవతలి ఒడ్డున చేప ఎగిరితే ఏ జాతి చేపో చెప్పగల నా చెవులకే ఆ మాట అందలేదు. ఇద్దరూ కలిసి లోపలికి వచ్చారు. నాగలతను తెర వెనక పడుకోబెట్టి, ఆవిడ సౌదామిని వైపు తిరిగారు.

“నీకు ముక్కు కుట్టించేటప్పుడు ఎన్నేళ్ళు?”

“ఐదు, మేడమ్.”

“నిన్నడిగారా?”

“లేదు. మా అత్తయ్య ఒళ్ళో కదలకుండా పట్టుకుందట. చాలా రోజులు చీము పట్టింది.”

“డాక్టరు ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు. కడిగి, పూతమందు రాసి పంపేశారు.”

“ఎవరి కోసమని అడగలేదూ?”

సౌదామిని చెయ్యి ముక్కు మీదికి పోయింది. తెర వెనకనుంచి నాగలత అంది: “ఆవిడకీ చీము పట్టిందాండీ?” ఆ గొంతులో కాస్త నవ్వు ఉంది.

ఆ చోటు మొద్దుబారడానికి సూది నేనే వేశాను. చెప్పకూడదు గానీ, నా సూది దిగిన సంగతి ఒంటికి మర్నాటికి గానీ తెలియదు. పని ముగించుకుని, శాంభవమ్మ గారికి చోటిచ్చి తెర ఇవతలికి వచ్చేశాను.

“రింగు తీసేస్తారాండీ?” నాగలత అడిగింది.

“ఇప్పుడు తీయను. తీస్తే రంధ్రం మూసుకుపోయి చీము లోపలే చిక్కుకుంటుంది. వాపు తగ్గాక ఉంచుకోవాలో తీసేయాలో మీరు చెప్పండి. ఒక్క మాట మాత్రం దాచను. ఆ సూది ఇంకాస్త లోపలికి దిగుంటే నరం దెబ్బతినేది. అక్కడ స్పర్శ పోతే మళ్ళీ వస్తుందని నేను మాట ఇవ్వలేను. కుట్టినవాడు ఇది చెప్పాడా?”

“నేనే అడిగానండి. ఏం కాదులెమ్మన్నాడు.”

“మమ్మల్ని అడగవలసింది.”

“వచ్చానండి. ఈ గుమ్మం దాకా వచ్చాను. లోపలికొచ్చి ఏమని అడగను?”

చీము కడుగుతున్న చప్పుడు వినపడింది. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, నాగలత చెప్పింది.

“పెళ్ళయిన దగ్గర్నుంచి మా ఆయన దగ్గరకొస్తే నొప్పేనండి. పళ్ళు బిగించుకుని పడుకునేదాన్ని. ఒక డాక్టరమ్మకు చెబితే, బిడ్డ పుడితే సర్దుకుంటుందన్నారు. బిడ్డ పుట్టలేదు, నొప్పి పోలేదు, ఆయన వెళ్ళిపోయాడు. ఆ చోటు నాదని ఒక్కసారైనా నాకనిపించాలని కుట్టించుకున్నాను.”

శాంభవమ్మ గారు చేస్తున్న పని ఆపలేదు.

“ఆ నొప్పికి వైద్యం ఉందమ్మా” అన్నారు. కొంచెం ఆగి, “అప్పుడూ ఉంది” అన్నారు.

ఏనుగును పడుకోబెట్టిన మనిషిని, నా దగ్గర ఆ మాటకు వేయదగ్గ సూది లేదు. తెర ఇవతల సౌదామిని కూడా అంతా వింది.

కట్టు కట్టాక నాగలత మెల్లగా లేచింది. మందులు తీసుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, వెనక్కి తిరిగి, “ఆ నొప్పి సంగతి మాట్లాడ్డానికి గురువారం వస్తానండి” అని వెళ్ళింది.

సౌదామిని మళ్ళీ ఆవిడ బల్ల దగ్గరకు వచ్చింది. “మేడమ్, నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు.”

ఈసారి ఆవిడ కుళాయి వైపు వెళ్ళలేదు.

“మళ్ళీ వస్తానంది” అన్నారు. “విన్నావుగా?”