చిక్కుడు గింజంత బిడ్డ

పిల్లలూ, దగ్గరికి జరగండి. మీ తాతలకు తాతలు కూడా పుట్టకముందు ముత్యాలమెట్ట అనే ఊరిని ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు, చాలా ఏళ్ల తర్వాత పుట్టిన ఒక కూతురు. కూతురి పేరు కృపామణి. బిడ్డ పుట్టగానే నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, చేటలో పడుకోబెట్టడం వాళ్ల ఇంటి ఆచారం. కృపామణికీ అలాగే చేశారు. నెలలు గడిచాయి, ఏడాది గడిచింది, అయినా పాపకు అదే చేట సరిపోతోంది.

విషయమేమిటంటే, మసికుంభుడనే మాంత్రికుడు తాను ముసలివాడు కాకూడదని పాప ఎదుగుదలను దొంగిలించాడు. వాడు చస్తేగాని పాప ఎదగదు. వాడి ప్రాణమేమో ఏడు సముద్రాల అవతల దాగి ఉంది.

మాంత్రికుడి ప్రాణమంటే చిలుకలోనే ఉంటుందని అందరూ అనుకుంటారు కదా! పెద్ద రాజకుమారుడు వెళ్లి ఒక చిలుకను పట్టుకొచ్చాడు. పాప ఎదగలేదు. రెండోవాడు వెళ్లి పంజరం నిండా చిలుకలను పట్టుకొచ్చాడు. పాప ఎదగలేదు, కోటలో గోల మాత్రం పెరిగింది. మూడోవాడైన దయానిధికి జాలేసి పంజరం తలుపు తీశాడు. అన్నీ ఎగిరిపోయాయి గాని ఒక ముసలి చిలుక అతని భుజం మీద వాలింది.

"మాలో ఎవరి ప్రాణాలూ లేవు నాయనా. ఈ పుకారు ఎవరు పుట్టించారోగాని మా మెడల మీదికి వచ్చింది. ఏడో సముద్రం దాటాక పొట్టకు సంచి ఉన్న తల్లి ఒకటి కనబడుతుంది. దానికి పుట్టబోయే బిడ్డలో దాచాడు వాడు ప్రాణాన్ని. ఆ బిడ్డ ఎదిగి, తనంతట తాను సంచి వదిలిన రోజున వాడు పోతాడు. ముందే ఎవరైనా లాగారో, మీ చెల్లి ఇక ఎన్నటికీ ఎదగదు" అంది చిలుక.

దయానిధి రేవుకు వెళ్లి, పడవ నడిపే యెమీమా అనే అమ్మాయిని బతిమాలాడు. ఇద్దరూ ఏడు సముద్రాలు దాటారు. వాటి పేర్లు నన్నడగకండి, అయిదు దాటేసరికి నాకే లెక్క తప్పుతుంది.

అవతలి ఒడ్డున ఆ తల్లి కనబడింది. కుందేలు చెవులు, గాడిదంత ఒళ్లు, దుంగలాంటి తోక. మీకు తెలుసు అది కంగారూ అని. పాపం దయానిధికి తెలియదు కదా, కుందేలనాలో గాడిదనాలో తేల్చుకోలేక నోరు తెరుచుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే అది ప్రసవించబోతోందని తెలిసి, ఇంటి ఆచారం మరిచిపోకుండా నీళ్లు కాచాడు, ఆకులతో చేట అల్లాడు, తీరా చూస్తే బిడ్డ కనబడలేదు. వెతగ్గా వెతగ్గా తల్లి బొచ్చులో చిక్కుడు గింజంత ఎర్రటి పురుగు ఒకటి పైకి పాకుతూ కనబడింది. దులిపేయబోయాడు.

"అదే నా బిడ్డ" అంది తల్లి.

దానికి కళ్లు తెరుచుకోలేదు, ఒంటి మీద వెంట్రుక లేదు. దారి ఎలా తెలుస్తుంది, కాస్త ఎత్తి సంచిలో వేయనా అని అడిగాడు దయానిధి. పుట్టించిన దేవుడే దారి చెబుతాడనీ, తాను కూడా ఎత్తననీ చెప్పింది తల్లి. ఆ గింజ పాకి పాకి, సంచిలో దూరి, చన్ను పట్టుకుంది. కాచిన నీళ్లు చల్లారిపోయాయి.

ఇక వాళ్లకు ఎదురుచూడడమే పని. కత్తి పట్టుకొచ్చిన రాజకుమారుడికి అంతకంటే కష్టం ఏముంటుంది? కొన్ని వారాలకు మసికుంభుడు వైద్యుడి వేషంలో వచ్చి, బిడ్డ కదలడం లేదు, పీకి చూడమన్నాడు. దయానిధి నిజమేననుకున్నాడు. చన్ను బిడ్డ నోట్లో ఉబ్బి పట్టుకుని ఉందనీ, లాగితే నోరు చిరుగుతుందనీ తల్లి వారించింది. కొన్ని నెలలకు వాడే బైరాగి వేషంలో వచ్చి, ఇక్కడ నువ్వు కూర్చుంటే అక్కడ మీ చెల్లి చచ్చిపోతుందన్నాడు. దయానిధి ఏడ్చాడు. యెమీమా ఆ బైరాగిని తెడ్డు చూపించి తరిమింది.

వానలు వెళ్లి ఎండలు వచ్చాయి. ఒక పొద్దున సంచిలోంచి రెండు చెవులు, రెండు కళ్లు, మెత్తటి బొచ్చున్న తల బయటికి వచ్చింది. ఆ వెంటనే మంత్రసాని వేషంలో మసికుంభుడూ వచ్చాడు.

"తల బయటపడ్డాక ఇంకా చూస్తారా బాబూ? పట్టుకుని లాగడమేగా. మీ ఇంట్లో మీ చెల్లి పుట్టినప్పుడూ అంతేగా చేశారు" అన్నాడు.

అవును, అంతే చేశారు. మరి ఇది పుట్టడమా, ముందే పుట్టిందా? బయటికి వచ్చినట్టా, రానట్టా? దయానిధికి బుర్ర తిరిగిపోయింది. చెయ్యి వెళ్లి బిడ్డ చెవులు పట్టుకుంది.

"యెమీమా, నాకేం తెలియడం లేదు."

"నాకూ తెలియదు. ప్రార్థన చేద్దాం రండి" అంది ఆమె.

ప్రార్థనకు చేతులు జోడించాలి కదా. జోడించాలంటే చెవులు వదలాలి. వదిలాడు. "ప్రభువా, నాకు తెలియదు, నీకు తెలుసు. నా చెల్లెలు నీ చేతిలోనే ఉంది" అన్నాడు. కళ్లు తెరిచేసరికి బిడ్డ మళ్లీ సంచిలోకి వెళ్లిపోయింది. మంత్రసాని పళ్లు కొరికింది.

ఆ తర్వాత బిడ్డ రోజూ బయటికి దూకేది, గడ్డి కొరికేది, ఆకు కదిలినా లోపలికి దూరేది. చివరికి ఒకరోజు దూకి, గంతులేసి, ఇక సంచి వైపు వెళ్లలేదు. అక్కడే పొంచి ఉన్న మంత్రసాని జుట్టు చూస్తుండగానే తెల్లబడింది, నడుం వంగింది, మసికుంభుడు గుప్పెడు బూడిదై గాలికి పోయాడు.

ముత్యాలమెట్ట చేరేసరికి కోట గుమ్మంలో ఒక పిల్ల పరుగులు పెడుతోంది. ఈ పిల్లెవరని దయానిధి వాళ్లమ్మను అడిగాడు. రాణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పిల్లే వచ్చి అతని వేలు పట్టుకుంది.

దయానిధి యెమీమాను పెళ్లాడి, ముత్యాలమెట్టను చాలా కాలం చల్లగా ఏలాడు. మా బిడ్డ ఎదగడం లేదని ఏ తల్లి వచ్చినా వైద్యుణ్ణి పిలిపించేవాడు, పాలు ఇప్పించేవాడు. తర్వాత ఆ తల్లి పక్కన మోకరించేవాడు. ఎదిగించేది దేవుడు, పిల్లలూ. మిమ్మల్నీ ఆయనే ఎదిగిస్తున్నాడు, మీకు తెలియకుండానే, ఇప్పుడు మీరిక్కడ కూర్చుని ఉండగానే.