దీవెనమ్మ అడిగిన నెమ్మది

జకరయ్య అయ్యగారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందుగా వచ్చే జవాబు ఒకటే: "చెప్పులేసుకో." అడిగినవాడు చెప్పులు వెతుక్కునేలోగా ఆయన వీధిలో ఉంటారు. ఎక్కడికని అడగకూడదు. ఎవరింటికో, ఎవరి చేలోకో తీసుకుపోతారు, అక్కడ జరిగేదేదో జరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు జవాబు తట్టితే తట్టినట్టు, లేకపోతే కాళ్ళనొప్పులు మిగిలినట్టు. మా సంఘంలో పెద్దవాళ్ళు ఆయన్ని ప్రశ్నలు అడగడం ఎప్పుడో మానుకున్నారు, ముఖ్యంగా ఎండాకాలంలో.

గిద్యోను కొత్తవాడు కాబట్టి అడిగాడు. పట్నంలో బైబిలు చదువు ముగించుకుని, పాస్టరు పని నేర్చుకుందామని అయ్యగారి దగ్గర చేరిన కుర్రవాడు. మంచివాడే. వాక్యం కొట్టినపిండి. భయం గురించిన మాట ఎక్కడ కనబడినా పసుపురంగు పెన్సిలు, నెమ్మది గురించిన మాటకు ఆకుపచ్చ, ఆజ్ఞలకు ఎరుపు. అతని బైబిలు తెరిస్తే చీరల దుకాణం గుర్తొచ్చేది. చదవడం మొదలుపెడితే మాత్రం గుక్క తిప్పుకునేవాడు కాదు. ప్రార్థన కూటంలో అతని చదువు పూర్తవగానే వెనక కూర్చున్న ముసలమ్మలు "రైలెళ్ళిపోయిందే" అని ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. అతనికి అది వినపడేది కాదు, లేదా వినపడనట్టు ఉండేవాడు.

ఆ ఏడు శ్రావణంలో ఏటికి వరద వచ్చింది. మా పల్లె కరకట్టకు ఆనుకునే ఉంటుంది. కట్ట తెగుతుందని ఒకడు, తెగిందని ఇంకొకడు, రోజుకో పుకారు. ఆడవాళ్ళు బియ్యం మూటలు కట్టి గుమ్మాల్లో పెట్టుకున్నారు. ఊరందరికీ ధైర్యం చెప్పాల్సిన గిద్యోనుకు నిద్ర పట్టడం మానేసింది. ఒక ఉదయం, మొహం పీక్కుపోయి, అయ్యగారి ముందు నిలబడ్డాడు.

"అయ్యగారూ, లేఖనంలో నెమ్మది ఉందని అందరికీ చెబుతున్నాను. నేను పొద్దునా చదువుతున్నాను, సాయంత్రమూ చదువుతున్నాను. కట్ట మీద ఎవడైనా గట్టిగా అరిస్తే చాలు, గుండె జారిపోతోంది. మరి ఆ నెమ్మది ఎక్కడున్నట్టండీ?"

"చెప్పులేసుకో," అన్నారు అయ్యగారు.

ఆ రోజు ఆయన అతనికి ఏం చూపిద్దామనుకున్నారో మాకెవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఎందుకంటే వాళ్ళు కట్ట ఎక్కేసరికే కింద రేవులో జనం పోగై ఉన్నారు. ఏటి నడుమ ఇంకా మునగని ఎత్తు లంకలో పసుపు చేలల్లో కలుపు తీయడానికి ఆడకూలీలతో వెళ్తున్న పడవ తిరగబడింది.

నేనూ ఆ రేవులో ఉన్నాను. అలాంటప్పుడు ఏడుపులు మిన్నుముట్టి ఉంటాయని అనుకుంటారు గానీ అక్కడ చప్పుడే లేదు. అదే భయంకరం. తడిసిన చీరతో ఒడ్డెక్కిన ఒకామె అన్నం క్యారియరు చేత్తో పట్టుకునే నిలబడింది, దింపాలని కూడా తోచనట్టు. పడవను పట్టుకుని వేళ్ళాడినవాళ్ళు చాలామంది బతికారు. కొందరు కనబడటం లేదు. వాళ్ళలో సలోమి ఒకతె. మా ప్రార్థన గుడి ఊడ్చే దీవెనమ్మకు ఒక్కగానొక్క కూతురు.

దీవెనమ్మ ఒడ్డున బురదలో కూలబడి ఉంది. కళ్ళు ఏటి మీదే ఉన్నాయి. అయ్యగారిని చూడగానే చేయి చాచింది.

"అయ్యా, నా బిడ్డ ఆ నీళ్ళల్లో ఉందయ్యా. కాపరి కీర్తన సదవండయ్యా. రోజూ అనుకునేదే, ఇయ్యాల ఒక్క ముక్క గుర్తుకు రావట్లేదు."

ఇక్కడ మా పల్లె పద్ధతి ఒకటి చెప్పాలి. చదువురాని మా ఆడవాళ్ళు వాక్యాన్ని ఊరికే వినరు, "అందుకుంటారు". చదివేవాళ్ళు ఒక ముక్క చదివి ఆగాలి, వీళ్ళు ఆ ముక్కను తమ నోటితో అనాలి, అప్పుడే తరువాతి ముక్క. నోట పలకనిదే విన్నట్టు కాదు వాళ్ళకి. దీవెనమ్మ అలా అందుకుని అందుకునే కీర్తనలన్నీ నేర్చుకుంది. గిద్యోను కూటాల్లో ఆ గొణుగుడు వింటూనే ఉన్నాడు గానీ, ముసలమ్మల అలవాటులే అని పట్టించుకోలేదు.

అయ్యగారు ఆమె పక్కన కూర్చోబోయారు. అంతలో తాడు లాగడానికి మనిషి కావాలని నీళ్ళలోంచి కేక వచ్చింది. వయసును లెక్కచేసే మనిషి కాదాయన. "గిద్యోనూ, నువ్వు చదివించు," అని పంచె ఎగగట్టి దిగిపోయారు.

గిద్యోను బైబిలు తెరిచాడు. భయంతో ఉన్న మనిషి చదువు ఎలా ఉంటుందో మీకు తెలుసు, అసలే అతనిది రైలు. దేవుడు కాపరిలా నడిపిస్తాడనే ఆ కీర్తన మొదలుపెట్టిందీ ముగించిందీ ఒకే ఊపిరిలో. దీవెనమ్మ పెదవులు కదిలి, ఏమీ పట్టుకోలేక, ఆగిపోయాయి.

"నెమ్మది... నెమ్మదయ్యా..." అంది ఆయాసపడుతూ.

పాపం, నెమ్మది కావాలంటోంది అనుకున్నాడు గిద్యోను. ఆ మాట కోసం ఆకుపచ్చ గీతలు గీసి పెట్టుకున్నవాడు ఇంకేం అనుకుంటాడు? పేజీలు తిప్పాడు. నెమ్మది గురించి ప్రవక్త చెప్పింది చదివాడు. ఆమె మళ్ళీ "నెమ్మది నాయనా!" అంది. సువార్తలోది చదివాడు. ఆమె అతని మోకాలు పట్టుకుని ఊపింది. అపొస్తలులు రాసిన పత్రికల్లోవి మొదలుపెట్టాడు. ఆమె అడిగేకొద్దీ ఇతని వేగం పెరిగింది. ఇంతటి బాధకు ఒక్క వాక్యం సరిపోవడం లేదు కాబోలని పుస్తకంలో ఉన్న పచ్చదనమంతా ఆమె నెత్తిన కుమ్మరించేశాడు.

అప్పుడు దీవెనమ్మ చేయి విసిరి కొట్టింది. బైబిలు ఎగిరి బురదలో బోర్లా పడింది.

చూస్తున్నవాళ్ళందరం బిగుసుకుపోయాం. మా పల్లెలో బైబిలు చెయ్యి జారితే తీసి కళ్ళకద్దుకుని, ముద్దుపెట్టుకుని, ఆ పూట బెంగపడతారు. అలాంటిది దీవెనమ్మ, గుడి ఊడ్చే దీవెనమ్మ, పుస్తకాన్ని కొట్టింది! తిరగబడ్డ పడవను చూసి కూడా ఏడవని ఒకామె ఇది చూసి కెవ్వుమంది. గిద్యోను మొహంలో నెత్తుటి చుక్క లేదు. విశ్వాసం పోయింది ఈమెకు, నా కళ్ళముందే, నా చదువు వల్లే పోయింది అనుకున్నాడట. తరువాత అతనే చెప్పాడు.

అయ్యగారు నీళ్ళలోంచి వచ్చారు. పుస్తకం తీసి, పై కండువాతో తుడిచారు.

"నెమ్మదిగా సదవమంటన్నా గదయ్యా!" అని దీవెనమ్మ బావురుమంది. "అందట్లా నాకు! ఒక్క ముక్కా నోటికి అందనీయట్లా ఈ పిల్లోడు!"

గిద్యోను తన ఆకుపచ్చ గీతల బైబిలు వైపు చూశాడు. ఎప్పుడైనా అతని మీద నాకు జాలి కలిగిందంటే అప్పుడే.

అయ్యగారు బురదలోనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, పుస్తకం ఒళ్ళో తెరిచి పెట్టుకున్నారు. "కాపరి," అన్నారు. ఆగారు.

"కాపరి," అంది దీవెనమ్మ.

ఇంకో ముక్క. ఆమె ఇంకో ముక్క. పచ్చిక దగ్గరికి వచ్చేసరికి ఆమె ఊపిరి కొంచెం దారిలో పడింది. ఆ తరువాతి మాట నీళ్ళు. ఆ కీర్తనలో నీళ్ళు చల్లనివి, మనిషి సేదదీరేవి. అయ్యగారు ఆ మాట అన్నారు. దీవెనమ్మ అనలేదు. ఎదురుగా ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ ఉండిపోయింది. అయ్యగారు దాటవేయలేదు, రెండోసారి అననూ లేదు. కూర్చున్నారు, అంతే. ఆ మాట ఆమె నోటికి ఇక రాదనే అనుకున్నాం.

"నీళ్ళు," అంది చివరికి, పళ్ళ మధ్య నుంచి.

అక్కణ్ణుంచి దారి. దారి తరువాత చీకటి లోయ. "లోయ," అన్నారు అయ్యగారు. "లోయ," అంది దీవెనమ్మ. అప్పుడే దిగువ నుంచి కేక వినబడింది. వల వేసి వెతుకుతున్న జాలర్లు సలోమిని తెచ్చి ఒడ్డున పడుకోబెట్టారు. నడుముకు కొంగు ఇంకా బిగించే ఉంది, పనికి వెళ్ళే మనిషి బిగించుకున్నట్టే.

ఆ తల్లి ఏడుపు నేను రాయను. లేఖనం అందుకుంటున్న మనిషి గదా, కొంచెం తక్కువ ఏడ్చిందేమోనని ఎవరైనా అనుకుంటే, అనుకోవద్దు. గుండెలు బాదుకుంది, నేల కొట్టింది, దేవుణ్ణి నిలదీసింది. "నా బిడ్డ నీకేం చేసింది?" అని ఆకాశం వైపు అరిచిన అరుపుకు కట్ట మీది పశువులు బెదిరాయి. అయ్యగారు పుస్తకం మూసేశారు. గిద్యోను అది చూశాడు. ఇంతవరకూ కూడగట్టిన నెమ్మదంతా ఒక్క కేకతో ఏట్లో కలిసిపోయిందని అతనికి అనిపించింది. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది.

చాలాసేపటికి ఆమె గొంతు పోయింది. కూతురి తల ఒళ్ళో పెట్టుకుని, జుట్టులో చిక్కుకున్న నాచు ఒక్కొక్క పోగే తీస్తూ కూర్చుంది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఏం చెయ్యాలో తోచక చూస్తున్నారు. ఉన్నట్టుండి ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"అయ్యా, యాడ ఆపాం?"

ఎవరికీ అర్థం కాలేదు. కీర్తన సంగతి అడుగుతోందని కాసేపటికి గానీ తట్టలేదు.

అయ్యగారు పెదవులు కదిపారు గానీ శబ్దం రాలేదు. నాకు తెలిసి ఆయన వాక్యం పలకలేకపోవడం అదే మొదలు. పుస్తకం తెరవబోతే తడిసిన కాగితాలు అతుక్కుపోయి విడివడలేదు. అప్పుడు గిద్యోను వచ్చి ఆమె ఎదురుగా, సలోమి పాదాల దగ్గర, మోకరించాడు.

"లోయ దగ్గరమ్మా," అన్నాడు.

"ఊఁ. లోయ," అంది దీవెనమ్మ.

అతను తరువాతి ముక్క అన్నాడు. ఆగాడు. గొంతు పోయిన ఆమె ఆ ముక్కను పెదవులతో అనేదాకా ఆగాడు. జుట్టులో నాచు తీసే చేయి ఆగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు. భయం లేదు అన్న చోట ఆమెకు వెక్కిళ్ళు వచ్చాయి, తగ్గేదాకా ఆగాడు. ఆ తరువాతి మాట తోడు. "తోడు," అంది. అని, కూతురి మొహం మీద చేయి వేసి, అడక్కుండానే మళ్ళీ అంది. "తోడు." చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా అందుకున్నారు.

సలోమిని భూస్థాపన చేసి తిరిగి వస్తుంటే కట్ట మీద గిద్యోను అయ్యగారి పక్కకు చేరాడు. ఏరు ఇంకా అంత ఎత్తునే పారుతోంది. ఆ పిల్లవాడి మొహంలో పొద్దుటి దిగ్భ్రమ ఏమీ తగ్గలేదు.

"అయ్యగారూ, ఆ బిడ్డ బతకలేదు. ఆ తల్లి ఏడుపూ ఆగలేదు. మరి అంత దుఃఖంలో ఆమెకు నెమ్మది వచ్చిందంటారా?"

జకరయ్య అయ్యగారు కట్ట పక్క గడ్డిలో చెప్పుల బురద రుద్దుకున్నారు.

"అది నాకెలా తెలుస్తుంది?" అన్నారు. "పుస్తకం మూసినవాణ్ణి నేను. తెరవమన్నది ఆవిడ."