దొండకాయ శతకానికి మొదటి పీట

ఒకానొక రాజ్యం, అందులో ఒక తెలివితక్కువవాడు అని ఈ కథ మొదలుపెట్టాలి. ఆ తెలివితక్కువవాణ్ణి నేనే కనుక దాచి లాభం లేదు. నా పేరు పేరిశాస్త్రి. విజయకేసరి మహారాజుగారి గ్రంథాలయానికి అధికారిని.

ఒకరోజు రాజుగారు పిలిచి, "శాస్త్రీ, తాళపత్రాలన్నీ చెదలు పట్టిపోతున్నాయి. అన్నిటికీ కొత్త ప్రతులు రాయించలేం. జనం ఎక్కువగా చదివేవేవో తేల్చు. మొదటి పదీ రాయిద్దాం. అట్టడుగువి వేన్నీళ్ల పొయ్యిలోకి" అన్నారు.

నేనొక పద్ధతి కనిపెట్టాను. ఎవరైనా గ్రంథం పట్టుకెళితే గోడమీద దాని పేరు కింద ఒక గీత. ఎన్ని గీతలుంటే అంత గొప్ప గ్రంథం! నా బుర్రకు నేనే మురిసిపోయి ఆ పూట రెండు గారెలు ఎక్కువ తిన్నాను.

నెల తిరిగేసరికి రాజుగారు రాసిన 'కేసరి విజయం' కింద అరవై గీతలు. కొలువువారంతా పొద్దున్నే రాజుగారి కళ్లెదుట దాన్ని పట్టుకెళ్లి, సాయంత్రం తెచ్చి ఇచ్చేవారు. పశువైద్య గ్రంథానికి ఒకే ఒక్క గీత.

"దాన్ని వారంలో తెప్పించి పొయ్యిలో పెట్టించు. లేదా నీ కొలువు ఊడుతుంది" అన్నారు రాజుగారు.

దాన్ని పట్టుకెళ్లిన రైతును అడిగితే పక్కూరికిచ్చానన్నాడు. పక్కూరివాడు ఆ పై ఊరికిచ్చాడట. ఏడో ఊళ్లో దొరికింది. అక్కడ పశువులకు గాలికుంటు జబ్బు. ఒకాయన ఆ గ్రంథం తాటాకులు చూసి మందు చెబుతుంటే నూకమ్మ అనే రైతు ఎద్దు గిట్టలు కడుగుతోంది.

"పంతులుగారూ, మాకున్నవి రెండెడ్లే. ఇది పట్టుకుపోతే ఇక మా మెడలకే కాడి కట్టుకోవాల" అంది.

నా గీతలు తలుచుకుంటే సిగ్గేసింది. ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

నేను రాసిన 'దొండకాయ శతకం' ఒకటుంది. మా ఆవిడ కూడా చదవలేదు. గడువులో మిగిలిన నాలుగు రోజులూ రోజుకు ముప్ఫై ఐదుసార్లు దాన్ని నేనే పట్టుకెళ్లి నేనే తెచ్చాను.

నిండు కొలువులో పట్టిక చదివారు. మొదటి స్థానం దొండకాయ శతకం, నూట నలభై గీతలు. రెండోది కేసరి విజయం.

రాజుగారి మీసాలు అదిరాయి. "ఎవడయ్యా దాన్ని చదివింది?"

"ఎవరూ చదవలేదు మహాప్రభూ. గుమ్మం దాటించి మళ్లీ లోపలికి తెచ్చాను. గీత పడింది."

"ఇది మోసం!"

"చిత్తం. నాకు నేర్పిన గురువులంతా కొలువులోనే ఉన్నారు. తమరి కావ్యం కట్టు విప్పించండి."

కావ్యం తెచ్చారు. మొదటిరోజు నేను వేసిన ముడి అలాగే బిగిసి ఉంది. చివరికి చాకు పెట్టి కోయాల్సి వచ్చింది. కొలువంతా తలలు దించుకుంది.

"మరి నిజంగా చదివేదేది?" అన్నారు రాజుగారు మెల్లగా.

"ఒక్క గీతదే ప్రభూ. పశువులను బతికిస్తూ ఏడు ఊళ్లు తిరుగుతోంది. తిరిగొస్తేనే కదా రెండో గీత!"

రాజుగారు తెగిన దారం వంక కాసేపు చూసి పకపకా నవ్వారు. పశువైద్యానికి పది ప్రతులు రాయించి ఊళ్లకు పంపమన్నారు. నాకు మందపాటి శాలువా కప్పారు.

"ముడి ఎలాగూ తెగింది కదా, రేపటినుంచి నా కావ్యం రోజుకో ఆశ్వాసం కొలువులో నువ్వే పైకి చదువు" అన్నారు.

ఆ శాలువా చలికాలం సంగతేమో గానీ, ఆవలింతలు దాచుకోవడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది.