గౌరన్న గరిటె గాలం

కొత్తరాయిపాలెంలో తెలివనేది ఉంటే అది తన ఇంట్లోనే ఉందని గౌరన్నకి గట్టి నమ్మకం. మొన్న వానొస్తే గొడుగు తడిసిపోతుందని చొక్కాలో దాచుకుని, తాను నిలువునా తడుస్తూ ఇంటికి చేరాడు. గొడుగు మీద చుక్క పడలేదు. తమ్ముళ్ళు పైడయ్య, ముత్యాలు ఆ గొడుగుని తడిమి తడిమి చూసి, "అన్నా, నీ బుర్రే బుర్ర!" అన్నారు.

మెట్ట ఊరి నుంచి సముద్రం పక్కకి వచ్చి ముగ్గురూ కొబ్బరికాయలు అమ్ముకుని బతుకుతున్నారు. చేపలు పట్టడం వాళ్ళకి తెలీదు. ఆ సంగతి కూడా వాళ్ళకి తెలీదు.

ఓ పొద్దున గౌరన్న పెళ్ళాం సూరీడమ్మ గుమ్మంలో నిలబడి, "మా అయ్య మధ్యాన్నం బస్సుకొస్తన్నాడు. సముద్రం పక్కనే ఉండి పోయినసారి పచ్చడి మెతుకులు పెట్టారని ఇంకా మండిపడతన్నాడు. ఈసారి చేపలపులుసు లేకపోతే నన్ను తీసుకుపోతాడంట" అంది.

గౌరన్న సూరీడమ్మ లేని ఇల్లు ఊహించుకున్నాడు. అన్నం ఏ కుండలో ఉంటుందో కూడా తనకి తెలీదాయె! ఇంకేముంది, తమ్ముళ్ళని వెంటేసుకుని దాసన్న తాత దగ్గరికి పరుగెత్తాడు. రాళ్ళ మీద నిలబడి గాలం వేసి చేప పట్టడంలో ఆ ఊళ్ళో దాసన్నని మించినవాడు లేడు.

తాత వల కుట్టుకుంటూ తలెత్తకుండా చెప్పాడు. "ఆ గాలం కర్ర తీసుకోండి. ఇయ్యాల గాలి జోరుగుంది, బరువైన ఎర కట్టండి, దూరం పోద్ది. నీళ్ళు తేటగుంటే చెంచా ఎర మేలు, తళతళమంటే చేప ఉరికొస్తాది. పోటు వచ్చాకే వెయ్యండి. ఎరని బాగా ఆడించి, చేపకి నోరూరించాలి. అదిగో డబ్బాలో బొమ్మ ఎరలున్నాయి, ఏరుకోండి."

డబ్బా తెరిస్తే రంగురంగుల చెక్క చేపలు, చెంచాలా వంచిన రేకు ముక్కలు. పైడయ్య ఒకదాన్ని పైకెత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "అన్నా, ఇది చెక్క. వాసనే లేదు."

"ఇలాంటిది పెట్టి చేపని మోసం చెయ్యమంటాడేటి? పాపం, మనింటికి భోజనానికొస్తున్న చేప కదా!" అన్నాడు గౌరన్న. డబ్బా మూసి పెట్టేశారు. చెంచాలకి ఇంట్లో ఏం తక్కువ?

అంతే, ఇంటికెళ్ళి చెంచాలన్నీ కింద పోశారు. "చిన్న చెంచాకి చిన్న చేపే పడుతుంది" అన్నాడు ముత్యాలు. అందుకని పులుసు గరిటె తీశారు. గరిటె తేలిగ్గా ఉంది. దానికి రుబ్బురోలు పొత్రం కట్టి, రెంటినీ తాత గాలం కర్ర తాడుకి ముడేశారు. సూరీడమ్మ పప్పు రుబ్బుకుందామని చూస్తే రోలు నోరు తెరుచుకుని ఉంది.

మోసుకుంటూ, రొప్పుకుంటూ రాళ్ళ మీదకి చేరారు. ఇక పోటు రావాలి. ముగ్గురూ కూర్చున్నారు. ఎదురుగా సముద్రం పొంగి రాళ్ళెక్కుతోంది, మోకాళ్ళ దాకా తడిసింది.

"పైడీ, నీకు పోటొచ్చిందా?"

"లేదన్నా. పంట్లో కాస్త జిలగా ఉందిగానీ పోటు కాదు."

"ముత్యాలూ, నీకు?"

"నిన్న చెవిలో వచ్చింది. ఇయ్యాల లేదు."

మధ్యాన్నం ముంచుకొస్తోంది. గౌరన్నకి ఓపిక చచ్చిపోయింది. గరిటె కట్టు విప్పి ముత్యాలు నెత్తి మీద ఠంగుమని ఒక్కటిచ్చాడు.

"వచ్చింది! తలపోటొచ్చింది!" అని ముత్యాలు ఆనందంతో ఏడ్చాడు.

ఇక గరిటెని మళ్ళీ పొత్రానికి కట్టి ఎరని ఆడించాలి. పైడయ్య పంచె ఎగ్గట్టి గరిటె చుట్టూ "కబడ్డీ కబడ్డీ" అంటూ తిరిగాడు. గరిటె కదల్లేదు. పైడయ్యకే ఊపిరాగింది. "అన్నా, గరిటె గెలిచింది" అన్నాడు.

తర్వాత నోరూరించడం. గౌరన్న సముద్రం వైపు తిరిగి చేతులు చాపి, "చేపా! చింతపండు చిక్కగా పిసికి, మెంతులు వేయించి, పచ్చిమిరపకాయలు చీరి, మట్టి చట్టిలో కుతకుతా ఉడికిస్తాం. అందులో నువ్వుంటావు!" అని ఆశ పెట్టాడు. చేప సంగతేమోగానీ, తమ్ముళ్ళిద్దరికీ చొక్కాలు తడిసేలా నోరూరింది.

ఆఖరికి ముగ్గురూ కలిసి పొత్రాన్ని ఊపి ఊపి విసిరారు. అది దూరం పోలేదు సరికదా, కాళ్ళ ముందున్న రాతి గుంటలో ధబేలున పడింది. ఆ గుంటలో ఓ పెద్ద పండుగప్ప చేప నిమ్మళంగా నిద్రపోతోంది. పిడుగు పడిందనుకుందో ఏమో, ఎగిరి పైడయ్య గుండెల మీద పడి, జారి, రాళ్ళ వెనక ఇసకలో దొర్లింది. గౌరన్న దాని మీద పడుకుండిపోయాడు.

"పడింది! సూరీడూ, నువ్వు మన ఇంట్లోనే ఉంటావు!" అని ఇల్లు వినేలా అరిచాడు.

ఒడ్డున పోతున్న దాసన్న తాత నోరెళ్ళబెట్టాడు. "గట్టోళ్ళేరా! చేప ఒంటినిండా ఇసకే, దాన్ని సుబ్బరంగా కడుక్కుని పట్టికెళ్ళండి" అని తన దారిన పోయాడు.

ఇంకేముంది! ముగ్గురూ చేపని సముద్రంలో దించారు. తల వైపు గౌరన్న, నడుం వైపు పైడయ్య రుద్దారు. తోక రుద్దుదామని ముత్యాలు చెయ్యి పెట్టేసరికి తోక లేదు, నడుం లేదు, తలా లేదు.

గౌరన్న ఖాళీ చేతులు చూసుకుని గొల్లుమన్నాడు. "కడిగితే ఇసక పోతుందనుకున్నాను, చేపే పోయింది!"

సరిగ్గా అప్పుడే మామ లచ్చుంనాయుడు బస్సు దిగి, బిందె చంకన పెట్టుకుని, ఆ ఏడుపు విని నేరుగా ఒడ్డుకొచ్చాడు. కూతురికని చెరువులో పట్టిన బతికున్న కొర్రమేను ఆ బిందెలో ఉంది. అల్లుడు జరిగిందంతా చెప్పి, "మావా, సూరీడుని తీసుకుపోకు" అని కాళ్ళు పట్టుకున్నాడు.

మామ మీసం దువ్వాడు.

"ఏడుస్తావేటి అల్లుడూ? చేప మాట చేపే వింటాది. దీన్ని పంపి దాన్ని పిలిపిద్దాం."

బిందె వంచి కొర్రమేనుని సముద్రంలోకి వదిలాడు. "ఒరే, నువ్వు మంచినీళ్ళ దానివి, అక్కడి నీళ్ళు తాగకు. పొద్దుగుంకేలోగా ఇద్దరూ వచ్చెయ్యండి" అని గట్టిగా చెప్పాడు కూడా.

నలుగురూ రాళ్ళ మీద వరసగా కూర్చున్నారు. ఎండ పడమటికి వాలినా ఎవరూ రాలేదు. మామ విసుక్కోబోతే గౌరన్న మెల్లగా సర్దిచెప్పాడు.

"చెరువు నుంచి చుట్టం వచ్చింది కదా మావా, సముద్రంలోవాళ్ళు భోజనం పెట్టకుండా ఎలా పంపుతారు?"