నాలుగు తాళ్ళు, మూడు చప్పట్లు

కొండపాలెంలో తెలివి ఎవరికెక్కువ అని అడిగితే అప్పలనర్సయ్య తన పేరు తాను చెప్పుకునేవాడు కాదు. ఆ మర్యాద అతనికుంది. పక్కనున్న దాలయ్య చేత చెప్పించేవాడు. దాలయ్య మరిచిపోతే సూరప్పడు గుర్తుచేసేవాడు, సూరప్పడు తన పేరే చెప్పేసుకుంటే ఎర్రయ్య సరిదిద్దేవాడు. ఈ నలుగురూ పైడమ్మ గారి టెంట్ హౌస్‌లో పద్దెనిమిదేళ్ళుగా షామియానాలు వేస్తున్నారు. మేస్త్రీ అప్పలనర్సయ్యే. ఊరికి నీడ పట్టేది తామేనని వాళ్ళ ధీమా. వాళ్ళ పందిళ్ళలో ఎండ తగిలి సొమ్మసిల్లినవాళ్ళూ ఉన్నారు గానీ, వాళ్ళని ఎవరూ అభిప్రాయం అడగలేదు.

చిక్కల్లా ఒక్కటే. నలుగురికీ తెలివి మరీ ఎక్కువ కావడంతో ఒకడి పని మీద ఇంకొకడికి నమ్మకం ఉండేది కాదు. షామియానా తాళ్ళు కట్టడానికి ఒకడు ఇనప మేకు నేలలో దిగ్గొడితే, గట్టిగా దిగిందో లేదోనని రెండోవాడు పీకి చూసేవాడు. ఊడొచ్చింది గనక గట్టిగా దిగలేదని తేల్చేవాడు. మళ్ళీ కొట్టేవాడు. దాన్ని మూడోవాడు పీకేవాడు. అలా కిందటేడు వినాయక చవితి పందిరి సరిగ్గా నిమజ్జనం నాటికి పూర్తయింది. దేవుడు వెళ్ళిపోయాక ఆ పందిట్లో నలుగురూ కూర్చుని, ఎంత గట్టిగా వచ్చిందో చూశారా అని మురిసిపోయారు.

పైడమ్మ గారికి ఓపిక నశించింది. ఒకరోజు నలుగురినీ పిలిచి, బుధవారం రైసుమిల్లు గౌరునాయుడు గారమ్మాయి పెళ్ళి ఉందనీ, ఆ పందిరి సవ్యంగా నిలబడితే సరేననీ, లేకపోతే సామాను మొత్తం పక్కూరి టెంట్ హౌస్ వాడికి అమ్మేస్తాననీ చెప్పింది. వాడి దగ్గర వాడి మనుషులున్నారు. మీ నలుగురూ తలో దారీ చూసుకోండని మెత్తగానే అంది. ఆ మెత్తదనానికే అప్పలనర్సయ్యకి గుండె జారిపోయింది. ఈ ముగ్గురితో దెబ్బలాడకుండా ఒక్క పొద్దుట టీ తాగి ఎరగడు. ఎవడితోనూ తగువు లేకుండా బతకడం ఎలాగో ఆ వయసులో కొత్తగా నేర్చుకోవాలంటే అతనికి నిజంగా భయమేసింది.

సరిగ్గా అప్పుడే విశ్వమోహన్ గారు ఆ పెళ్ళికి కుర్చీలు మాట్లాడడానికి వచ్చారు. పట్నంలో పెద్ద పెద్ద ఆఫీసులకి వెళ్ళి, ఉద్యోగులు ఒకరినొకరు నమ్మేలా చేయడం ఆయన వృత్తి. మిల్లు గౌరునాయుడు గారికి దూరపు చుట్టం కూడా. పక్క గదిలో కూర్చునే మనిషిని నమ్మడానికి పాఠం కావాలని, దానికో మేష్టారు కూడా ఉంటారని పైడమ్మ గారికి అప్పుడే తెలిసింది. కుర్చీలు ఊరికే తీసుకెళ్ళండి, బదులుగా మా వాళ్ళకో పాఠం చెప్పండి అంది.

ఆయన పూటంతా చెప్పారు. ఏ పనైనా నలుగురూ కలిసే చెయ్యాలన్నారు. ఏ మాటైనా నలుగురూ ఒప్పుకున్నాకే అమలు చెయ్యాలన్నారు. ఒకరి పనిని ఒకరు అనుమానించకూడదన్నారు. తరవాత ఒక్కొక్కరినీ నిలబెట్టి, కళ్ళు మూసుకుని వెనక్కి పడమన్నారు. మిగతావాళ్ళు పట్టుకోవాలిట, అదే నమ్మకమట. చివరికి, పని బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే ఆ మెప్పు ఒక్కడు మింగెయ్యకుండా, చేతిలో ఏ పనున్నా ఆపి, నలుగురూ ఒక్కసారే మూడు చప్పట్లు కొట్టాలన్నారు. ఇదంతా నేర్చుకున్నందుకు జట్టు మొత్తానికి ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు. ఒకరి దగ్గరుంచితే మిగతా ముగ్గురికీ అనుమానం కదా, నలుగురూ దాన్ని నాలుగు సమాన ముక్కలుగా చింపి జేబుల్లో పెట్టుకున్నారు. సంతకం ఉన్న ముక్క అప్పలనర్సయ్యకి వచ్చింది.

అంతే. మంగళవారం పొద్దున్నుంచి జట్టుపని మొదలైంది.

పెళ్ళికి మూడొందల కుర్చీలు వ్యానెక్కించాలి. మామూలుగా అయితే ఒక్కొక్కడు పది కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఎత్తుకుపోతాడు. అది ఒంటరి పని, తప్పు. అందుకని ఒక్కో కుర్చీని నలుగురూ తలో కాలూ పట్టుకుని మోశారు. కుర్చీకి నాలుగు కాళ్ళెందుకున్నాయో ఇన్నాళ్ళకి తెలిసిందని అప్పలనర్సయ్య అంటే మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడానికి ప్రతిసారీ కుర్చీ కింద పెట్టి చేతులెత్తారు. ఎర్రయ్యకి కుర్చీ కింద పెట్టకుండానే ఒప్పుకోవచ్చేమో అనిపించింది గానీ, ఆ మాట నలుగురూ ఒప్పుకోవాలి కదా అని ఊరుకున్నాడు. పొద్దు వాలేసరికి ఆఖరి కుర్చీ ఎక్కింది. పందిరి పెళ్ళినాటి పొద్దుటికి వాయిదా పడింది.

బుధవారం తెల్లవారగానే షామియానా గుడ్డ, వెదుళ్ళు, తాళ్ళు ఎక్కించారు. కొట్టులోంచి బయటికొస్తూ అప్పలనర్సయ్య ఒక మూల ఇనప మేకుల గోనెసంచి చూశాడు. ఎక్కిద్దామని చెయ్యి కూడా చాచాడు. అంతలో, తను ఎక్కిస్తే మిగతావాళ్ళు ఎక్కించరని అనుమానించినట్టే కదా అని తట్టింది. ఛీ ఛీ అనుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అతని వెనక వచ్చిన దాలయ్యా అంతే పెద్దమనసు చేసుకున్నాడు. సూరప్పడూ, ఎర్రయ్యా ఏమీ తక్కువ తినలేదు. అంత నమ్మకం మధ్య మేకుల సంచి ఎక్కడున్నది అక్కడే హాయిగా ఉండిపోయింది.

వ్యాను మిల్లు ఆవరణలో వంటవాళ్ళ పక్కన ఆగింది. ఎర్రయ్య వ్యాను పైకెక్కి గుడ్డ కిందికి తోశాడు. ఎంతో బాగా తోశానని అతనికనిపించింది. మంచి ఊపు మీదున్నాడేమో, మేష్టారు చెప్పిన నమ్మకం గుర్తొచ్చింది. కళ్ళు మూసుకున్నాడు. పడుతున్నానర్రా అన్నాడు.

కింద ముగ్గురూ గభాలున ఒక చోట చేరారు. నడుం ఎవరు పట్టుకోవాలి, తల ఎవరు పట్టుకోవాలి అన్నది తేలాలి. తల తను పడతానని సూరప్పడు అన్నాడు. దాలయ్య ఒప్పుకున్నాడు. అప్పలనర్సయ్య కూడా ఒప్పుకుని, నాలుగో ఒప్పుదల కోసం పైకి చూశాడు. పైన ఎర్రయ్య లేడు. గారెల కోసం రుబ్బి పెట్టిన మినప్పిండి గంగాళంలో ఉన్నాడు. కళ్ళు మటుకు ఇంకా తెరవలేదు, నమ్మకం అలాంటిది. వంటాయన గరిటె పుచ్చుకుని అతన్ని తిట్టిన తిట్లకి తెరిచాడు.

గారెలు పోతే పోయాయి, పందిరి ముఖ్యం అనుకున్నారు. రాటలు నిలబెట్టారు. గుడ్డ నాలుగు మూలలకీ నాలుగు తాళ్ళు. తలో తాడూ పట్టుకుని హైస్సా అని లాగేసరికి షామియానా రెక్కలు విప్పినట్టు లేచి నిలబడింది. పద్దెనిమిదేళ్ళలో అంత చక్కగా ఎప్పుడూ లేవలేదు. అప్పుడు అప్పలనర్సయ్య, మేకులు తెమ్మని దాలయ్యకి చెప్పాడు. దాలయ్య సూరప్పడికి చెప్పాడు. సూరప్పడు ఎర్రయ్యకి చెప్పాడు. పిండి కారుతున్న మొహంతో ఎర్రయ్య, మేస్త్రీ తెచ్చుంటాడన్న నమ్మకం తనకుందన్నాడు.

ఇంకేముంది, నాలుగు మూలల్లో నలుగురు, నలుగురి చేతుల్లో నాలుగు తాళ్ళు. ఒక్కడు వదిలినా పందిరి కూలుతుంది. వెళ్ళి మేకులు తేవాలంటే నలుగురూ కలిసే వెళ్ళాలి.

పెళ్ళివారి తరఫు పెద్దాయన ఒకాయన చూసి, ఆ తాడు తీసుకెళ్ళి వరండా స్తంభానికి కట్టెయ్యవయ్యా అన్నాడు.

"స్తంభాన్ని ఎలగ నమ్ముతాం బాబూ?" అన్నాడు అప్పలనర్సయ్య. "అదేటి మాతోపాటు పాఠం విన్నాదా?"

పెద్దాయన స్తంభాన్ని ఒకసారి ఎగాదిగా చూసి, పోయి కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి వంటాయనే మనసు కరిగి, నాలుగు గునపాలిస్తాను పాతుకోండన్నాడు. ముగ్గురు ఒప్పుకున్నారు. పొద్దుట తిట్టినవాడి గునపం తనకొద్దని ఎర్రయ్య ఒప్పుకోలేదు. అంతే, గునపాలు వెనక్కి వెళ్ళిపోయాయి.

బాజాలు మొదలయ్యాయి. చుట్టాలొచ్చి నీడలో కూర్చున్నారు. గాలి వీచినప్పుడల్లా నలుగురూ పాఠంలో చెప్పినట్టు వెనక్కి వాలి తాళ్ళు బిగబట్టేవాళ్ళు. సూరప్పడి ముక్కు మీద ఈగ వాలితే, తల విదిలించడానికి మూడు మూలల నుంచీ ఒప్పుదల తెప్పించుకున్నాడు. అది వచ్చేసరికి ఈగకే విసుగొచ్చి పోయింది. అప్పలనర్సయ్య అరచేతులు మండిపోతున్నాయి. అయినా ఎదురు మూలన దాలయ్యని చూస్తే అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి. దాలయ్య తన తాడు పీకి చూడటం లేదు. తను దాలయ్యది పీకి చూడటం లేదు. ఈ ముగ్గురూ ఇక్కడే ఉంటే చాలు, ఇంకెక్కడికీ పోనక్కర్లేదు అనిపించింది. జేబులో సంతకమున్న ముక్క చెమటకి తడిసి గుండెకి అంటుకుంది.

ముహూర్తం దగ్గరపడేవేళకి పైడమ్మ గారు భయపడుతూ వచ్చింది. చూస్తే పందిరి నిటారుగా నిలబడి ఉంది. మూల మూలకీ ఒక మనిషి కాపలా ఉన్నాడు. మేకులున్నాయా అని చూడాలని ఆవిడకి తోచలేదు, పాపం ఆవిడా నమ్మింది. గౌరునాయుడు గారు ఎదురొచ్చి, ఇంత చల్లటి పందిరి ఈ చుట్టుపక్కల చూడలేదన్నారు. అది వినగానే పైడమ్మ గారు చరచరా లోపలికి నడిచింది. పందిరి నడుమ నిలబడి, నాలుగు మూలలకీ వినబడేలా చెప్పింది.

"ఒరే నర్సయ్యా, బాగా చేశార్రా. సామాను అమ్మనులే. మీరే ఉండండి."

అప్పలనర్సయ్యకి కోరుకున్నది దక్కింది. అతను దాలయ్య వంక చూశాడు, దాలయ్య సూరప్పడి వంక, సూరప్పడు ఎర్రయ్య వంక. మెచ్చుకున్నారు. చేతిలో ఏ పనున్నా ఆపాలి.

మొదటి చప్పట్టు కొట్టారు. తాళ్ళు జారాయి. రెండో చప్పట్టు కొట్టారు. రాటలు వాలాయి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, పురోహితుడు, మూడొందల మంది చుట్టాలు, పైడమ్మ గారు అందరూ గుడ్డ కిందికి వెళ్ళిపోయారు. అయినా మూడోది ఎగ్గొట్టలేదు. అది వినపడేసరికి ముహూర్తం వచ్చిందనుకుని బాజావాళ్ళు గుడ్డ కిందే గట్టిమేళం వాయించేశారు.

కాసేపటికి పైడమ్మ గారు ఒక అంచు నుంచి పాక్కుంటూ బయటికొచ్చింది. ముడి ఊడిపోయి, మొహమంతా తలంబ్రాల బియ్యం అంటుకుని ఉంది. ముందు ఎవడ్రా వదిలేసింది అని అడిగింది.

అప్పలనర్సయ్య మనసు చివుక్కుమంది. "అలగనకండమ్మా. ఒక్కడు ముందొగ్గేస్తే అది ద్రోహం. నలుగురం ఒక్కపాలే ఒగ్గేశాం. ఒక్క లిప్త తేడా లేదు."

ఆవిడ మొహం మీది బియ్యం దులుపుకుంది. ముందు ఆ గుడ్డ పైకెత్తండి, లోపలుండిపోయిన నా చెప్పు తెచ్చుకున్నాక మీ సంగతి చెబుతానంది. మళ్ళీ తాళ్ళు అందుకున్నారు. రాటలు లేపి నలుగురూ హైస్సా అన్నారు. షామియానా మళ్ళీ లేచింది, మొదటిసారి కన్నా చక్కగా. పైడమ్మ గారు చెప్పు కోసం లోపలికి వెళ్ళింది. చుట్టాలు తలలు దులుపుకుంటూ లేస్తున్నారు. వాళ్ళ మధ్య నుంచి విశ్వమోహన్ గారు టై సర్దుకుంటూ లేచి, ఎవరి మీదా నేరం మోపకుండా నలుగురూ కలిసి పందిరి ఎత్తిన తీరు చూశారు. పాతికేళ్ళుగా పాఠాలు చెప్పిన నోరాయె, ఊరుకోలేకపోయింది.

"శభాష్," అన్నారు.

ఇంకేముంది.

మూడో చప్పట్టు చల్లారాక, గుడ్డ కింద ఎక్కడి నుంచో పైడమ్మ గారి గొంతు, పక్కూరి టెంట్ హౌస్ వాడి ఫోను నంబరు ఎవరి దగ్గరైనా ఉందా అని అడగడం వినిపించింది. అప్పలనర్సయ్య దగ్గర ఉంది. చెప్పెయ్యడమా, వద్దా అని మిగతా ముగ్గురినీ అడిగాడు. అమ్మగారు అడిగితే సాయపడకపోవడమేమిటని ముగ్గురూ చేతులెత్తారు. నలుగురూ కలిసి, ఒక్క గొంతుతో, ఒక్క అంకె కూడా తప్పకుండా చెప్పేశారు.