పానకాలుగారు ఎడమకి తిప్పిన మీట

అనగనగా మంగళగిరిలో ఒక చిన్న డాబా ఇల్లు. ఆ ఇంట్లో పానకాలుగారు, ఆయన భార్య సామ్రాజ్యమ్మ, ఇద్దరే ఉండేవాళ్ళు.

వాళ్ళకో స్టీరియో సెట్టు ఉండేది బుజ్జీ. దానికి కుడిపక్క ఒక స్పీకరు పెట్టె, ఎడమపక్క ఒకటి. సెట్టు మీద బ్యాలెన్స్ అని ఒక మీట. అది మధ్యలో ఉంటే రెండు పెట్టెలూ సమానంగా పాడతాయి. ఎడమకి తిప్పితే కుడి పెట్టె గొంతు తగ్గుతుంది. కుడికి తిప్పితే ఎడమ పెట్టెది తగ్గుతుంది. అంతే దాని పని.

సాయంత్రమైతే పానకాలుగారు సెట్టుకి ఎదురుగా పడక్కుర్చీలో కూర్చునేవారు. సామ్రాజ్యమ్మ ఆయనకి ఎడమపక్క పీట వేసుకుని, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ పాటలు వినేది.

ఆ ఏడు వానల్లో ఆయనకి జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత పీట మీంచి ఆవిడ ఏం చెప్పినా పలకడం మానేశారు. "పాలవాడు రేపు రాడటండీ" అంటే ఊ లేదు, ఆ లేదు. నా మాటంటే ఈయనకి లెక్కలేకుండా పోయిందని ఆవిడ మనసు చివుక్కుమంది. తనూ మాట్లాడటం తగ్గించేసింది.

అప్పుడొకనాడు పాట పెడితే ఎడమ పెట్టె ఆవిడ పక్కనే హోరుమంది, కుడి పెట్టె గొణిగింది. చూస్తే మీట ఎడమకి తిరిగి ఉంది. దుమ్ము తుడిచేటప్పుడు తగిలిందేమోనని మధ్యకి తిప్పింది. మర్నాడూ అంతే. మీట వదులైంది కాబోలని మళ్ళీ తిప్పింది.

మూడోనాడు వంటింటి గుమ్మంలోంచి చూసింది. పానకాలుగారు మీటని కాస్త ఎడమకి జరిపి, కుర్చీలో కూర్చుని విని, లేచి ఇంకాస్త జరిపి, అప్పుడు "హమ్మయ్య" అనుకున్నారు.

ఆవిడకి అనుమానం వచ్చింది. పాట అయ్యాక ఆయన ఎడమపక్కన నిలబడి, "ఏవండీ, కాఫీ పెట్టనా?" అంది మెల్లగా. ఆయన ఉలకలేదు. కుర్చీ వెనకనుంచి కుడిపక్కకి వెళ్ళి, అంతే మెల్లగా అడిగింది.

"పెట్టు. పంచదార తక్కువెయ్" అన్నారాయన.

ఆవిడ ఎదురుగా కూలబడింది. "ఆ ఎడమ చెవి వినపడటం లేదు కదూ?"

"జ్వరం తగ్గిందగ్గర్నుంచీ అంతే. చెవిటి మొగుడంటారని చెప్పలేదు."

"అంటే అననీండి! నా మాట గిట్టక పలకట్లేదని ఇన్నాళ్ళూ కుమిలిపోయానండీ."

ఆయన మొహం చిన్నబోయింది. "నువ్వే అలిగి మాట్లాడటం లేదనుకున్నానే" అన్నారు.

ఆ తర్వాత గుంటూరులో చెవి డాక్టరుకి చూపించుకున్నారు. ఎడమ చెవి ఇక బాగవదు, కుడిది మాత్రం భేషుగ్గా ఉందన్నాడాయన.

ఇంటికొచ్చాక ఆవిడ మీటని ఎడమకే ఉంచింది. మరి ఆ హోరు ఆవిడెలా భరించిందంటావా? పీట తీసుకెళ్ళి ఆయన కుడిపక్కన, కుడి పెట్టె దగ్గర వేసుకుంది. దగ్గరయ్యేసరికి ఆ పెట్టె పాట ఆవిడకి సరిపోయింది.

"వంకాయలు ముదిరాయండీ" అంది.

"పులుసు పెట్టెయ్యవే" అని ఠక్కున జవాబు వచ్చింది.

అలా కబుర్లలో పడ్డారు. పాట ఎప్పుడైపోయిందో ఇద్దరూ చూసుకోలేదు.

పాట పెట్టెలోకి,
కథ కంచిలోకి,
మా బుజ్జి దుప్పట్లోకి!